ఇన్వర్టర విజయం

ప్రబంధమన్నాక ఇష్టదేవతా స్తుతితో మొదలుపెట్టాలి. ఈ కావ్యానికి అధిదేవత ఒక అంకె. ఆవిడకు వాహనం లేదు, ఆయుధం లేదు, గుడి లేదు, ఏ ఊళ్లోనూ తిరనాళ్లు లేవు. అయినా కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా గోడకున్న ప్రతి ప్లగ్గులోనూ ఆవిడే కొలువుంటుంది (నమ్మకం కుదరక వేలు పెట్టి చూడకండి). సెకనుకు యాభైసార్లు ఊగడమే ఆవిడ లాస్యం. పేరు యాభై హెర్ట్జులు. ఇలాంటి దేవతలు దండకం లేనిదే పలకరు కాబట్టి:

శ్రీమన్మహావేగ! యీ భారతక్షోణి యందెల్ల నొక్కుమ్మడిన్ దూగు తూకంపు ముల్లా! నమస్తే నమస్తే సదా! నేడు నీ వేబదిన్ వీడి యీవంక నావంక నొక్కింతయున్ జారితే యేమగున్? ఫ్యాను కూయున్, రిలే టక్కునన్ దెంచు నా ఫీడరున్, నల్లనౌ నూళ్లు వేవేలు, గావున్ దయన్ జూడు మాయమ్మ! హెర్ట్జీశ్వరీ! నీకు దండంబు దండంబు దండమ్!

‘నొక్కింతయున్’ అన్నది గణాల కోసం వేసిన మాట అనుకునేరు. మన గ్రిడ్ కోడ్ ఆవిడకిచ్చిన నాట్యవేదిక 49.90 నుంచి 50.05 దాకా. పైకి ఉన్న చోటు యాభైలో వెయ్యో వంతు. అంతకన్నా చిన్న తప్పటడుగుకే ఏమవుతుందో ఐరోపా చూసింది. 2018 తొలి వారాల్లో సెర్బియా, కొసావోల మధ్య కరెంటు లెక్క తేలక అక్కడి దేవి సగటున 49.996 దగ్గర ఊగింది. లోటు హెర్ట్జులో వెయ్యింట నాలుగు వంతులు. ఆ పాపానికి మార్చి మొదటికల్లా ఖండమంతటా ఓవెన్ల మీదా మంచాల పక్కనా ఉన్న ప్లగ్గు గడియారాలు ఆరు నిమిషాలు వెనకబడ్డాయి.

మన దగ్గర ఆవిడ ఇంతకన్నా చాలా అవస్థలు పడింది. 1990ల్లో దక్షిణాది గ్రిడ్డులో ఫ్రీక్వెన్సీ 48కి దిగడం వార్తే కాదు. 2003 జనవరిలో ఏబీటీ అనే కొత్త టారిఫు వచ్చి, ఫ్రీక్వెన్సీ పడిపోయిన వేళ వాటాకు మించి వాడుకున్న రాష్ట్రానికి రేటు ఎక్కువ వేయడం మొదలయ్యాక నడక కుదుటపడింది. భక్తి కుదర్చలేనిది బిల్లు కుదిర్చింది.

ఇక కుకవినింద. ఈ కాలపు కుకవులు రెండు రకాలు. ‘ఇంటింటికీ సోలార్ పెట్టుకుంటూ పోతే గ్రిడ్డు కుప్పకూలుతుంది’ అనేవారు మొదటి రకం. ‘బ్యాటరీలు పడేస్తే సరి, అంతా అదే సర్దుకుంటుంది’ అనేవారు రెండో రకం. మొదటివారు ఇన్వర్టరు మూత తీసి చూడలేదు, రెండోవారు దాని సెట్టింగులు తెరిచి చూడలేదు. వీరిని ఇంతటితో వదిలేద్దాం.

కృతిని రాజుకివ్వాలా దేవుడికివ్వాలా అని పూర్వకవులు తర్జనభర్జన పడ్డారు. నాకా బాధ లేదు. వాన వెలిసీ వెలవక ముందే స్తంభమెక్కు వానికిన్, చెప్పులు మొదట విడిచి టార్చిలైటు పంట గరచు వానికిన్, ఏబీ స్విచ్చు దించి తాళంబు వేయు వానికిన్, ‘ఎల్‌సీ తీసుకున్నాం సార్, అరగంట’ యని వీధి వీధికి నొక్కటే జవాబు చెప్పు వానికిన్, అనగా లైన్‌మన్‌కున్, ఈ కృతి అంకితం. ఇతడికే ఎందుకో కథలో తెలుస్తుంది.

పురవర్ణన. ఆ రాజ్యానికి ప్రాకారాలు లేవు, 765 కె.వి. తీగలున్నాయి. కందకాలు లేవు, సబ్‌స్టేషన్ల నిండా కంకరుంది. చాలాకాలం దక్షిణాది వేరు కాపురం. అందుకే 2012 జూలై 30, 31 తేదీల్లో పైనున్న గ్రిడ్లు కూలి, రెండో రోజున 60 కోట్ల మందికి పైగా కరెంటు లేక అల్లాడుతుంటే మనం ఫ్యాను కింద కూర్చుని టీవీలో చూశాం. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను కలవడంతో ఉమ్మడి కాపురమైంది. ఇప్పుడు లూధియానాలో ఓ మిల్లు ఆగితే భీమవరంలో ఫ్యాను వేగం మారుతుంది. కంటికి ఆనదు గానీ మారుతుంది.

ఆ రాజ్యాన్ని మోసే దిగ్గజాలు ఎనిమిది కాదు, వందలు. రామగుండంలో కొన్ని, కొత్తగూడెంలో కొన్ని, విశాఖ పక్కన సింహాద్రిలో కొన్ని. ఒక్కో గజం కడుపులో పదుల టన్నుల ఉక్కు, నిమిషానికి 3000 చుట్లు. మూడు వేలను అరవైతో భాగించండి, దేవి పేరొస్తుంది. ఎక్కడో లోడు పెరిగిందనుకుందాం. ఆ క్షణాన కావలసిన అదనపు కరెంటు బొగ్గులోంచి రాదు, బొగ్గుకు ఇంకా కబురే అందలేదు. తిరుగుతున్న ఉక్కు తన వేగంలోంచి కొంత తీసి ఇచ్చేస్తుంది. ఫైలు లేదు, సంతకం లేదు. ఇంజినీర్లు ఇనర్షియా అనేది దీన్నే. ఇచ్చిన మేరకు వేగం తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ దిగుతుంది. అది చూసి గవర్నరు, అంటే రాజ్‌భవన్‌లో ఉండే ఆయన కాదు, టర్బైను ఆవిరి వాల్వు దగ్గరుండే ఆయన, వాల్వు ఇంకొంచెం తెరుస్తాడు. కొన్ని సెకన్లలో దేవి తేరుకుంటుంది. ఈ సెకన్లే కథంతా. ఉక్కు తిరిగినన్నాళ్లూ వీటిని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంత గజబలం నడుమ మన నాయకుడు, సోలార్ ఇన్వర్టరు, పుట్టాడు. మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడన, గోడకు బిగించిన నాలుగు బోల్టుల మీద. అల్యూమినియ పర్శుకాపంక్తి విరాజితుండును, హరితదీప ఫాలలోచనుండును, ఎంసీఫోర్ కనెక్టర కర్ణకుండలుండును, ప్లాస్టిక్ క్లాంపు కటిసూత్రుండును, వారంటీ స్టిక్కరాంకిత వక్షఃస్థలుండును, పారావత పురీషాభిషిక్త మస్తకుండును నగు ఆ పెట్టె వెనకాల ఒక బల్లి కాపురముంటుంది. వెచ్చగా ఉంటుందని. బరువు పది కిలోలకు అటూ ఇటూ. లోపల తిరిగేదంటూ ఉంటే చిన్న ఫ్యాను, మూడు కిలోవాట్ల పెట్టెల్లో చాలావాటికి అదీ లేదు. దిగ్గజాల కడుపులోని మొండి ఉక్కు ఇతడికి రాసిపెట్టి లేదు. ఇతడి ఆస్తి కొన్ని ట్రాన్సిస్టర్లు, కొన్ని కెపాసిటర్లు, ఒక నియమాల పుస్తకం. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చి, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీతో కోటి ఇళ్ల మీద ఇలాంటి రాకుమారులకు పట్టాభిషేకం చేస్తామంది.

ప్రభాతవర్ణన. తూర్పు తెల్లబడింది. వీధిలో పాలప్యాకెట్ల బండి వచ్చిపోయింది. ప్యానెళ్ల మీద మంచు ఇంకా ఆరలేదు. డీసీ వోల్టేజి మెల్లగా ఎక్కి ఒక గీత దాటగానే చీకటి తెర మీద అక్షరాలు మేలుకున్నాయి. అయితే నాయకుడు లేచీ లేవగానే కరెంటు పోసే తొందరపాటు మనిషి కాడు. ముందు గ్రిడ్డు నాడి పట్టాడు. వోల్టేజి ఎంత? 236. ఫ్రీక్వెన్సీ? 49.98. బాగుంది. అరవై నుంచి వెనక్కి లెక్క మొదలైంది: యాభై తొమ్మిది, యాభై ఎనిమిది... ఈలోగా దేవి ఒక్కసారి గీత దాటినా మళ్లీ మొదటికి. కింద వంటింట్లో కాఫీ డికాషను దిగుతోంది. మూడు, రెండు, ఒకటి. టక్. రిలే పడింది. మినుకుమినుకుమనే దీపం నిలకడగా పచ్చబడింది. దేశమంతా ఊగుతున్న లాస్యంలో ఇంకో పాదం, అడుగు తప్పకుండా, చేరింది. తెర మీద అంకె: 40 వాట్లు. దిగ్విజయానికి బయల్దేరిన సైన్యం ప్రస్తుతం రెండు ఎల్‌ఈడీ ట్యూబులైట్లకు సరిపోతుంది.

ప్రతిజ్ఞ లేని వీరుడుండడు. ఇతడి ప్రతిజ్ఞ విని భీష్ముడు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు: ‘గ్రిడ్డు పోయిన మరుక్షణం నేనూ ఆగుతాను. నెత్తిన సూర్యుడు ధగధగలాడుతున్నా సరే, చచ్చిన లైనులోకి ఒక్క వాటు వదలను.’ మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి, పైన ప్యానెళ్లు పెనంలా కాలుతుంటే, ‘ఇంత డబ్బు పోసి సోలార్ పెట్టించింది ఉక్కపోతకా?’ అని ఇంటాయన ఇన్‌స్టాలర్‌కు ఫోన్ చేసే ఘట్టం ఇదే. బ్యాటరీ లేని పెట్టె ఆ వేళ మౌనవ్రతం పాటిస్తుంది. ఎందుకంటే వీధి చివర, మన అంకితం పుచ్చుకున్నాయన ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని స్తంభం మీదున్నాడు. ఏబీ స్విచ్చుకైతే తాళం వేసుకున్నాడు గానీ, మేడల మీది సూర్యుళ్లకు తాళం వేయలేడు కదా.

ఇంతటి ధర్మాత్ముడికి శత్రువెవరంటే, అతడి ధర్మమే. దీనికి శర్మణ్యదేశోపాఖ్యానం వినాలి.

జర్మనీలో ఇంటికప్పు సోలార్ ఇంకా ఉయ్యాలలో ఉన్న రోజుల్లో పెద్దలు ఒక కట్టుబాటు చేశారు: ఫ్రీక్వెన్సీ 50.2 దాటితే ప్రతి పెట్టె తక్షణం తప్పుకోవాలి. పెట్టెలు కొద్దిగా ఉన్నప్పుడు అది సత్ప్రవర్తన. 2011 చివరికి ఆ దేశపు సోలార్ సుమారు 25 వేల మెగావాట్లకు ఎదిగింది, అందులో ఎక్కువ భాగం ఇళ్ల మీద, కొట్టాల మీద. అప్పుడు కాగితం మీద ఒక మధ్యాహ్నాన్ని ఊహించి చూసుకుంటే వారికి చెమటలు పట్టాయి. మబ్బు తునక లేని ఆదివారం. మిల్లులు మూత. ఎండ మెండు, లోడు పలచన. ఎక్కడో ఒక పెద్ద లైను తెగి ఫ్రీక్వెన్సీ 50.18... 50.19... 50.20. అంతే! లక్షలాది సత్యసంధులు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఒకే రెప్పపాటులో ‘ఆడిన మాట తప్పం’ అంటూ సింహాసనాలు దిగి వానప్రస్థానికి బయల్దేరుతారు. ఎక్కువైందని మొరపెట్టిన గ్రిడ్డు మరుక్షణమే లేమితో మోకాళ్ల మీద పడుతుంది. అలాంటి వేళ ఐరోపా ఖండం మొత్తానికీ సిద్ధంగా ఉంచుకున్న నిల్వసేన 3000 మెగావాట్లు. రెండు మహా అణు రియాక్టర్లు ఒక్కసారే ఒరిగినా తట్టుకోవడానికి కట్టిన లెక్క అది. ఇంటికప్పులు ఒరుగుతాయని ఆ లెక్కలో లేదు.

ఆ యుద్ధం జరగలేదు. జరగనివ్వకుండా 2012లో చట్టం తెచ్చి, 3 లక్షలకు పైగా యూనిట్ల సెట్టింగులు మార్పించారు. ఆ దిగ్విజయ యాత్రలో రథగజతురగాల్లేవు. స్క్రూడ్రైవర్లూ లాప్‌టాప్‌లూ ధరించిన టెక్నీషియన్లు ఇంటింటికీ మెట్లెక్కి దిగారు. కొత్త ధర్మం ఇది: 50.2 దాటితే పారిపోకు, ఎక్కే కొద్దీ తగ్గుతూ పో, 51.5 దాకా ఓర్చుకో.

కాగితం మీది భయాలే కదా అనేవారికి 2006 నవంబరు 4 రాత్రి సంగతి చెప్పాలి. పాపెన్‌బర్గ్‌లో కట్టిన నార్వేజియన్ పెర్ల్ అనే విహారనౌక ఎమ్స్ నదిలో సముద్రం వైపు బయల్దేరవలసి ఉంది. అంత ఎత్తు ఓడ కిందుగా పోవాలంటే నది మీది తీగల్లో కరెంటు ఉండరాదని ఒక 380 కె.వి. లైను ఆపారు. ఆ భారం పక్కవాటి మీద పడింది. ఒకటి తెగి, దాని బరువుకు ఇంకోటి తెగి, సెకన్ల వ్యవధిలో ఐరోపా గ్రిడ్డు మూడు ముక్కలైంది. పడమటి ముక్క 49కి పడింది. అప్పుడు అక్కడి గాలిమరలూ చిన్నచిన్న కేంద్రాలూ తమ నియమం ప్రకారం తప్పుకుని లోటును ఇంకా లోతు చేశాయి. ఈశాన్యపు ముక్క 51.4కి ఎక్కింది. అక్కడ తప్పుకున్న గాలిమరలు ఎవరూ పిలవకుండానే తిరిగొచ్చి మిగులుకు మిగులు చేర్చాయి. కోటిన్నర ఇళ్లలో చీకటి. ఓడకేం కాలేదు.

ఇక మన రంగస్థలం. విజయవాడ, హైదరాబాదుల్లోని లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో గోడంత తెర. కర్నూలు దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు అందులో అంకెతో సహా దర్శనమిస్తుంది. మేడమీది మూడు కిలోవాట్లు కనపడవు. మధ్యాహ్నం లోడు ఉండవలసినదానికన్నా తక్కువుందే అన్న అనుమానంగా మాత్రమే అవి తెలుస్తాయి. మబ్బు కమ్మగానే లేని లోడు ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది. మేఘాల చాటు నుంచి బాణాలు వేసిన ఇంద్రజిత్తుతో లక్ష్మణుడు పడ్డ పాట్లు ఇప్పుడు షిఫ్టు ఇంజినీరు పడుతున్నాడు, తేడా ఏమిటంటే ఈ ఇంద్రజిత్తు మనవాడే.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఫ్రీక్వెన్సీ 49.4కు దిగితే కొన్ని ఫీడర్లు వాటంతటవే తెగేలా రిలేలు అమర్చి ఉంటాయి. తర్వాత 49.2, 49.0, 48.8. మెట్టు మెట్టుకూ ఒక వరుస ఫీడర్లు పోతాయి, లోడు తగ్గి గ్రిడ్డు ఊపిరి పీల్చుకుంటుందని. కానీ ఆ ఫీడరు కింది కాలనీ నిండా ప్యానెళ్లే ఉంటే? పన్నెండు గంటల వేళ అది కరెంటు తీసుకోదు, పైకి పంపుతూ ఉంటుంది. దాన్ని తెంచితే కత్తి వేటు పడేది సొంత సేన మీదే. ఎప్పుడో ఎండ లెక్క లేని కాలంలో రాసుకున్న ఫీడర్ల జాబితాలను తిరగరాయడం, నా దృష్టిలో, కొత్త బ్యాటరీ కొనడం కన్నా ముందు చేయవలసిన పని. దానికి టెండరు కూడా అక్కర్లేదు.

సంగ్రామఘట్టం. 2020 ఏప్రిల్ 5, ఆదివారం, రాత్రి 9 గంటలు. తొమ్మిది నిమిషాలు దీపాలార్పి ప్రమిదలు వెలిగించమని ప్రధాని పిలుపు. ఆరేది లైట్లేగదా అని గ్రిడ్డు పెద్దలు వేసిన అంచనా 12–13 వేల మెగావాట్లు. అప్పుడు ఎల్‌ఈడీ నికరంబులు కన్నుమోడ్చె, ట్యూబులైట్లు మూకుమ్మడి నస్తమించె, స్విచ్చుబోర్డుల టకటకారావంబులు దిక్కులు నిండె. తగ్గింది 31 వేల మెగావాట్లు! ఆ వేటును నెత్తిన మోసింది నీళ్లు. సాయంత్రమంతా కాచుకుని ఉన్న జలవిద్యుత్ కేంద్రాలు 8:45కు 25 వేల మెగావాట్ల పైన నిలబడి, పాతిక నిమిషాల్లో 8 వేలకు దిగి, దీపాలు తిరిగి వెలగగానే మళ్లీ ఎక్కాయి. దేవి 50.26 దాకా ఎగిరింది, 49.70 దాకా ఒరిగింది, చివరికి వేదిక మీదికే వచ్చి నిలిచింది.

రసజ్ఞులు ఇక్కడ కాస్త ఆగాలి. 50.26 అంటే శర్మణ్యుల పాత గీతకు పైమాట. అది రాత్రి కాబట్టి మేడమీది వీరులు నిద్రలో ఉన్నారు. పగలే అయినా, మన 2013 నాటి నియమం పైగీతను 50.5 దగ్గర గీసింది కాబట్టి, సరిగ్గా సెట్ చేసిన పెట్టె కదిలేది కాదు. ‘సరిగ్గా సెట్ చేసిన’ అన్న మూడు మాటలతో కింద పని పడుతుంది.

అస్త్రశాలను గబగబా చూసేద్దాం. ఢిల్లీలోని జాతీయ డిస్పాచ్ కేంద్రం నాలుగు సెకన్లకోసారి సింహాద్రి లాంటి కేంద్రాలకు ‘కొంచెం ఎక్కు, కొంచెం దిగు’ అని సంకేతం పంపే ఏజీసీ ఒకటి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, అటు తిప్పితే కరెంటు, ఇటు తిప్పితే నీళ్లు పైకి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇదే పనికి తలపెట్టింది 1680 మెగావాట్లు. దక్షిణ ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్‌లో 2017లో పెట్టిన 100 మెగావాట్ల బ్యాటరీ, రెప్ప వేసేలోగా స్పందించి ఇలాంటి పనికి పేరు తెచ్చుకుంది.

చివరగా నాయకుడి ఉత్తరచరిత్ర. ఇంతదాకా ఇతడు అనుచరుడు: గ్రిడ్డు ఎలా ఊగితే అలా ఊగాడు. ఇప్పుడు వస్తున్న గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు తామే తాళం వేస్తాయి. గ్రిడ్డు తడబడితే వెంట తడబడక, వెనకున్న బ్యాటరీలోంచి తీసి ఆ క్షణమే ఇస్తాయి, టన్నుల ఉక్కు ఇచ్చినట్టే. హార్న్స్‌డేల్ బ్యాటరీకి 2022 నుంచి ఈ కొలువు కూడా ఉంది. మేడమీది మూడు కిలోవాట్ల వాడికి ఇంత పెత్తనం అవసరమని నేననుకోను. అది పెద్ద బ్యాటరీలు చూసుకుంటాయి. ఇతడు చేయవలసింది రెండే: చిన్న కుదుపుకు పారిపోకుండా నిలవడం, ఫ్రీక్వెన్సీ ఎక్కుతుంటే తన వంతు మెల్లగా తగ్గడం. కోటి మంది ఈ రెండు పనులు చేస్తే దిగ్గజాలు రిటైరైనా రాజ్యం కదలదు.

ఇది శ్రీమద్ధెర్ట్జీశ్వరీ వరప్రసాదలబ్ధ నెట్‌మీటర విరాజిత, సబ్సిడీ నిరీక్షణ ధురంధర, మాసాంత బిల్లు పరిశీలనా విచక్షణ నామధేయ ప్రణీతంబైన ఇన్వర్టర విజయంబను వచన ప్రబంధంబునందు సర్వంబును నేకాశ్వాసము.

ఫలశ్రుతిగా పుత్రపౌత్రాభివృద్ధి వాగ్దానం చేయలేను. ఒక పని చెబుతాను. పెట్టె బిగించి మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర మీదో యాప్‌లోనో దేశాల జాబితా వస్తుంది. ఏ దేశపు గ్రిడ్డు నియమాలు పాటించాలో అక్కడ ఎంచుకోవాలి. తొందరలో వేలు ఏ పేరు మీద పడితే ఆ దేశపు గీతలే మీ మేడ మీద అమలవుతాయి. పక్కనే నిలబడి ‘ఇండియా’ అని ఎంచారో లేదో చూడండి. పెట్టె మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరైనా హద్దులు సడలిస్తామంటే ఒప్పుకోకండి, డిస్కమ్‌కు ఫిర్యాదు పెట్టి వోల్టేజి చూడమనండి. ఇదివరకే పెట్టించుకున్నవారు ఇన్‌స్టాలర్‌కు ఫోన్ చేసి, ఏ దేశపు సెట్టింగులో ఉందో ఇవాళే అడగండి. రెండు నిమిషాల పని.